కడుపు నిండా తింటూ తగ్గండి, తగ్గాక అక్కడే ఉండండి: పిండిపదార్థాల మొక్కల ఆహారం వదలకుండా కొనసాగించడానికి సమగ్ర మార్గదర్శి

ఏం తినాలో నేర్చుకోవడానికి ఒక్క రోజు చాలు. అన్నం, దుంపలు, మొక్కజొన్న, ఓట్స్, శనగలు, పప్పులు లాంటివి కడుపు నిండా, వాటి పక్కన బోలెడన్ని కూరగాయలు, కొన్ని పండ్లు. మాంసం, గుడ్లు, పాలు, పాలతో చేసినవి ఉండవు, నూనె దాదాపు ఉండదు. అంతే. కానీ ఆరో వారంలో ఒక రోజు బాగా ఆలస్యంగా ఇంటికి వచ్చి, ఆకలితో చేతులు వణుకుతూ వంటగదిలో నిలబడ్డప్పుడు కూడా అదే తినడం ఎలాగో నేర్చుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు పూర్తిగా వదిలేశాను. ఆ రెండు సాయంత్రాలూ ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే రెండుసార్లూ జరిగింది ఒకటే: ఇంట్లో ఉడికి సిద్ధంగా ఉన్న తిండి ఏదీ లేదు. నాకు పట్టుదల లేదని అప్పట్లో చాలా బాధపడ్డాను. లేనిది పట్టుదల కాదు, ఉడికిన దుంపలు.

అందుకే ఇందులో వంటకాల జాబితా ఇవ్వడం లేదు. ఎక్కడెక్కడ జారిపోతామో, అక్కడ ముందే ఏం చేసి పెట్టుకోవాలో మాత్రమే వరుసగా చెప్తాను.

అడుగు 1: కొంతమంది ముందు డాక్టర్‌తో మాట్లాడాలి

షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు, బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. ఈ తిండికి మారాక కొందరిలో షుగర్, బీపీ కొద్ది రోజుల్లోనే దిగుతాయి, మందు డోసు మాత్రం పాతదే ఉంటే అవి మరీ పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు దుంపల్లో, పప్పుల్లో ఉండే పొటాషియం సమస్య కావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గతంలో తిండికి సంబంధించిన మానసిక ఇబ్బంది పడ్డవాళ్ళు కూడా అడిగే మొదలుపెట్టండి.

ఇక అందరికీ వర్తించేది విటమిన్ బి12. మొక్కల ఆహారంలో అది నమ్మదగినంత దొరకదు. పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సింది సుమారు 2.4 మైక్రోగ్రాములే అయినా, మాత్రలో ఉన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి మాత్రల్లో అంతకంటే చాలా ఎక్కువ పెడతారు. లివర్‌లో నిల్వ ఉంటుంది కనుక లోపం బయటపడటానికి ఏళ్ళు పట్టొచ్చు, ఈలోగా నరాలకు జరిగిన నష్టం మాత్రం కొన్నిసార్లు పూర్తిగా నయం కాదు. కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోకుండా మొదటి రోజు నుంచే మాత్ర మొదలుపెట్టండి. ఉప్పు అయోడిన్ కలిపినదే వాడండి.

అడుగు 2: అన్నం మీద, దుంపల మీద ఉన్న భయం వదిలించుకోండి

ఇది మాటవరసకు చెప్పే అడుగు కాదు. ఈ పద్ధతిలో మొదటి నెల దాటలేనివాళ్ళలో చాలామంది చేసే తప్పు ఒకటే: మాంసం మానేస్తారు, నూనె మానేస్తారు, "అన్నం తింటే లావైపోతాం" అన్న పాత భయంతో అన్నం కూడా సగం చేసేస్తారు. చివరికి పళ్ళెంలో మిగిలేది కూరగాయలు. కూరగాయల మీద ఎవరూ బతకలేరు, పది రోజుల్లో ఆకలి గెలుస్తుంది.

కొన్ని అంకెలు చూడండి. 100 గ్రాముల ఉడికించిన బంగాళాదుంపలో సుమారు 87 క్యాలరీలు, అంతే అన్నంలో దాదాపు 130, ఉడికిన శనగల్లో 160 పైచిలుకు. అదే బరువు బంగాళాదుంప చిప్స్‌లో 500 దాటతాయి, నూనెలో 880 దాకా ఉంటాయి. దుంప ఒకటే, నీళ్ళు పోయి నూనె చేరేసరికి లెక్క ఆరింతలైంది. మన కడుపు బరువునీ పరిమాణాన్నీ చూసి చాలు అంటుంది గానీ క్యాలరీలు లెక్కపెట్టదు. ఈ పద్ధతి అంతా నిలబడింది దీని మీదే.

1995లో సిడ్నీ యూనివర్సిటీలో సుజానా హోల్ట్ బృందం 38 రకాల తిండిని ఒకే క్యాలరీల మోతాదులో తినిపించి, తర్వాత రెండు గంటలపాటు ఎవరికి ఎంత నిండుగా అనిపించిందో రాసుకుంది. తెల్ల బ్రెడ్‌ను 100 అనుకుంటే ఉడికించిన బంగాళాదుంపకు 323 వచ్చింది, అన్నిటికంటే పైన అదే. వెన్నతో చేసే క్రోసాం అనే బేకరీ తిండికి 47, అన్నిటికంటే కింద.

అమెరికన్ డాక్టర్ జాన్ మెక్‌డూగల్‌కు 1970ల్లో హవాయి చెరకు తోటల్లో పనిచేస్తున్నప్పుడు ఇంకో కోణం కనిపించింది. ఆసియా నుంచి వలస వచ్చిన మొదటి తరం అన్నం, కూరగాయలే ప్రధానంగా తింటూ ముసలితనంలో కూడా సన్నగా, చలాకీగా ఉండేవారు. వాళ్ళ పిల్లలు, మనవళ్ళు మాంసం, పాల పదార్థాల వైపు మారేకొద్దీ లావెక్కుతూ, జబ్బుపడుతూ కనిపించారు. అదే కుటుంబం, మారింది పళ్ళెం. ఆయన 2024లో చనిపోయేదాకా చెప్పింది ఇదే.

అలాగని పిండిపదార్థం ఎంత తిన్నా ఒంటికి పట్టదని కాదు. ఎక్కువైతే ఏదైనా పడుతుంది. కాకపోతే నూనె లేకుండా ఉడికించిన దుంపలు అంత ఎక్కువ తినడం నిజంగా కష్టం, నమ్మకం లేకపోతే ఒక పూట ప్రయత్నించి చూడండి.

అడుగు 3: పళ్ళెం సర్దుకోండి, కొలతలు మానేయండి

కంటితో చూసి పళ్ళెంలో సగం పిండిపదార్థం, సగం కూరగాయలు. రోజులో ఒకటి రెండు పండ్లు. ఒక పూటైనా పప్పో, శనగలో, బీన్సో ఉండాలి, ప్రొటీన్ గురించి అంతకంటే బెంగ అక్కర్లేదు. కడుపు నిండేదాకా తినండి, మళ్ళీ ఆకలేస్తే మళ్ళీ తినండి. వేగంగా తగ్గాలనుకుంటే తూకాలూ కప్పులూ పెట్టుకోకుండా, భోజనానికి ముందు ఒక గిన్నెడు కూరగాయల సూప్ గానీ పచ్చి కూరగాయ ముక్కలు గానీ తినండి, మిగతా భోజనం దానంతటదే తగ్గుతుంది.

న్యూజిలాండ్‌లోని గిస్బోర్న్‌లో చేసిన ఒక ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. అందులో పాల్గొన్నవాళ్ళకు క్యాలరీల పరిమితి పెట్టలేదు, వ్యాయామం చేసి తీరాలని చెప్పలేదు, తక్కువ కొవ్వు ఉన్న మొక్కల ఆహారం తృప్తిగా తినమన్నారు, బి12 ఇచ్చారు. ఆరు నెలలకు సగటున 12 కిలోలు తగ్గారు. నన్ను ఆకట్టుకుంది అది కాదు, ఏడాదికి కూడా 11.5 కిలోల తగ్గుదల నిలిచే ఉంది. ఆకలితో మాడితే తగ్గిన బరువు అలా నిలవదు.

అడుగు 4: ఉడికిన గిన్నె ఖాళీ కానివ్వకండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి.

వారంలో రెండు రోజులు నిర్ణయించుకోండి, నాకైతే ఆదివారం, బుధవారం. ఆ రోజు పెద్ద కుక్కర్ నిండా దుంపలు, ఇంకో గిన్నెలో నానబెట్టిన శనగలో బీన్సో. గంట పని, అందులో మీరు నిలబడి చేసేది పావుగంట. ఉడికిన దుంపలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగుంటాయి. శనగలు పూటకు సరిపడా డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెడితే నెల పైనే ఆగుతాయి. అన్నం విషయంలో మాత్రం జాగ్రత్త: వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే వేడి చేసినా పోని విషం తయారుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది, గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా పొగలు వచ్చేలా వేడిచేసి తినేయండి.

చల్లారిన దుంపలంటే చప్పగా ఉంటాయనుకుంటారు, అందుకే ఒకటి చేసి చూపిస్తాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న దుంపను తొక్క తీయకుండా చెక్క మీద పెట్టి అరచేత్తో మెల్లగా నొక్కండి, తొక్క అక్కడక్కడా పగిలి దుంప వేలు మందాన పరుచుకుంటుంది. పెనం వేడెక్కాక నూనె ఏమీ వేయకుండా దాని మీద పెట్టి కదపొద్దు. నాలుగైదు నిమిషాలకు అడుగు బంగారు రంగుకు వచ్చి పెనాన్ని తనే వదిలేస్తుంది, వదలకపోతే ఇంకా కాలేదన్నమాట. తిప్పి ఇంకో మూడు నిమిషాలు. దించాక ఉప్పు, మిరియాల పొడి, పైన నిమ్మకాయ పిండండి. పైన కరకర, లోపల వెన్నలా ఉంటుంది. వేడి దుంపతో ఇది రాదు, చల్లబడ్డాక దుంప గట్టిపడితేనే విడిపోకుండా నిలుస్తుంది. మొత్తం పది నిమిషాలు, అంటే బయటి నుంచి తెప్పించుకునే తిండి గుమ్మందాకా వచ్చేలోపే మీ భోజనం అయిపోతుంది. ఆకలితో పోటీలో గెలవాలంటే ఈ వేగం కావాలి.

సంచిలో కూడా ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి. ఉడికించిన చిలగడదుంప, అరటిపండు, ఉడికిన మొక్కజొన్న, ఏదైనా సరే. బయట ఆకలేసినప్పుడు ఎంచుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

అడుగు 5: నూనె లేకుండా వండటం చేతికి అలవాటు చేయండి

ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే దాదాపు 14 గ్రాములు, 120 క్యాలరీలు. అవే క్యాలరీలకు ఒక మోస్తరు ఉడికిన దుంప వస్తుంది. దుంప తింటే కడుపుకు తెలుస్తుంది, నూనె కూరలో కలిసిపోయి తెలియకుండా లోపలికి వెళ్తుంది. రోజుకు మూడు టేబుల్ స్పూన్లంటే 360, అదీ ఆకలి ఒక్క పిసరు తీరకుండానే. "కొంచెమే వేశాను" అని సీసాలోంచి నేరుగా పోసేవాళ్ళు ఒక్కసారి చెంచాలోకి పోసి కొలవండి చాలు.

నూనె లేకుండా ఉల్లిపాయ వేగదనుకుంటాం. వేగుతుంది, ఓపిక కావాలి. పెనం బాగా కాలాక సన్నగా తరిగిన ఉల్లిపాయలు పొడిగానే వేసి రెండు నిమిషాలు ముట్టుకోకండి. అడుగున గోధుమ రంగు మరక తేలుతుంది, వాసన మారుతుంది. మాడబోతోంది అనిపించిన క్షణంలో రెండు చెంచాల నీళ్ళు చిలకరిస్తే చుర్రుమని ఆవిరి లేచి, ఆ మరకంతా ఊడి ఉల్లిపాయలకు పడుతుంది. గరిటెతో గీకి మళ్ళీ ఆరనివ్వండి, మళ్ళీ నీళ్ళు. ఇలా నాలుగైదు సార్లు, పది పన్నెండు నిమిషాలు. చివరికి ఉల్లిపాయ తియ్యగా, ముదురు రంగులో, నూనెలో వేగినదానికి దగ్గరగా వస్తుంది. చాలామంది మొదటిసారే నీళ్ళు ఎక్కువ పోసేస్తారు, అప్పుడు అది వేగదు, ఉడుకుతుంది. ఆ చప్పటి రుచి చూసి ఈ తిండే ఇంతేనేమో అనుకుని వదిలేస్తారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

గింజలు, పల్లీలు, కొబ్బరి మంచివే, కానీ బరువు తగ్గాల్సినంత కాలం వాటిని మసాలాలా వాడండి, చిరుతిండిలా కాదు. 100 గ్రాముల గింజల్లో 550 నుంచి 650 క్యాలరీలుంటాయి, డబ్బా ఒళ్ళో పెట్టుకుంటే అంత తినడం క్షణాల పని. ఒంటికి అవసరమైన ఒమేగా 3 అనే కొవ్వు కోసం రోజుకు ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడి చాలు.

అడుగు 6: మొదటి మూడు వారాలు ఎలా ఉంటాయో ముందే తెలుసుకోండి

గ్యాస్ వస్తుంది, కడుపు ఉబ్బరంగా ఉంటుంది. పీచు ఒక్కసారిగా పెరిగితే అంతే. శనగలు, బీన్స్ కొంచెంతో మొదలుపెట్టి వారం వారం పెంచండి, నానబెట్టిన నీళ్ళు పారబోయండి, నీళ్ళు బాగా తాగండి.

బరువు తప్పుడు కబుర్లు చెప్తుంది. ఇంతకుముందు పిండిపదార్థాలు బాగా తగ్గించి తిన్నవాళ్ళకు మొదటి వారంలో ఒకటి రెండు కిలోలు పెరగొచ్చు కూడా. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది, అది నిండుతోంది, కొవ్వు కాదు. టెన్షన్ పడి అన్నం తగ్గించారంటే మళ్ళీ అడుగు రెండుకే వెళ్తారు.

రుచి చప్పగా అనిపిస్తుంది. నాలుక మారడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తర్వాత పాత తిండే జిడ్డుగా తోస్తుంది. ఈలోగా పులుపు, కారం, వెల్లుల్లి, తాజా ఆకులు ధారాళంగా వాడండి.

అడుగు 7: ఇంట్లోవాళ్ళు, బయటి భోజనాలు, జారిన పూట

ఇంట్లో అందరినీ మార్చాలని పూనుకోవద్దు. అన్నం, దుంపలు, పప్పు అందరికీ ఒకటే వండండి, మిగతావాళ్ళకు కావాల్సింది వాళ్ళు కలుపుకుంటారు. ఎవరైనా బలవంతం చేస్తే వాదించకండి, "నాకు ఇది పడుతోంది, ఇంకొంచెం అన్నం పెట్టండి" అంటే సరిపోతుంది. అన్నం అడిగేవాళ్ళ మీద ఎవరికీ కోపం రాదు. విందుకు వెళ్ళేముందు ఇంట్లో ఒక దుంప తిని వెళ్ళండి, హోటల్లో ఉట్టి అన్నం, ఉడికిన కూరగాయలు, కాల్చిన దుంప అడగండి.

అయినా జారతారు. నేనూ జారాను. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి చేసిన అధ్యయనంలో ఒక అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 దాకా. అందులో నాకు బాగా ఉపయోగపడిన విషయం ఇంకొకటి: మధ్యలో ఒకసారి తప్పిపోతే అలవాటు స్థిరపడటానికి పెద్ద తేడా రాలేదు. ఒక పూట తప్పు తప్పే కాదన్నమాట. "ఎలాగూ చెడింది కదా, సోమవారం నుంచి చూద్దాం" అన్న ఆలోచనే ఆ పూటను వారం చేస్తుంది. పస్తులుండి సరిచేయాలని కూడా చూడకండి. తర్వాతి పూట మామూలుగా, కడుపు నిండా, దుంపలు.

అడుగు 8: బరువు కదలకపోతే

రెండు వారాలు కదలకపోతే ఏమీ మార్చకండి, అది మామూలే. నెల దాటితే ఈ వరుసలో వెతకండి. నూనె మళ్ళీ వచ్చిందా? గింజలు, కొబ్బరి పెరిగాయా? దుంపల బదులు బ్రెడ్, బిస్కెట్లు, పిండితో చేసినవి ఎక్కువయ్యాయా? పిండిగా చేసి కాల్చినదానిలో నీళ్ళు తగ్గి క్యాలరీలు చిక్కబడతాయి, 100 గ్రాముల బ్రెడ్‌లో 260 దాకా ఉంటాయి, దుంపకు మూడింతలు. పండ్ల రసాలు, ఎండు పండ్లు, తీపి కలిపిన డ్రింకులు? మొక్కలతో చేసినదే కదా అని ప్యాకెట్ తిండి? చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. ఇవేవీ లేకపోతే ఒంటి బరువు తగ్గిన కొద్దీ ఒంటికి కావాల్సిందీ తగ్గుతుందని గుర్తుపెట్టుకుని, పళ్ళెంలో కూరగాయల భాగం కొంచెం పెంచండి, రోజూ నడవండి.

అడుగు 9: అనుకున్న బరువుకు వచ్చాక

ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు, ఎందుకంటే డైట్ అయిపోయిందనుకుంటారు. అమెరికాలో 1994లో మొదలైన ఒక రిజిస్ట్రీలో కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదైనా నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు నమోదు చేశారు. వాళ్ళంతా ఈ తిండే తిన్నవాళ్ళు కాదు. కానీ చాలామందిలో కనిపించే అలవాట్లు కొన్ని ఉన్నాయి: పొద్దున తినడం మానరు, వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు, సెలవు రోజూ పని రోజూ ఒకేలా తింటారు.

నేను శనివారం పొద్దున, లేవగానే, ఒకే కాటా మీద చూసుకుని గోడ మీది క్యాలెండర్‌లో రాస్తాను. రోజూ చూసుకుంటే ఉప్పుకీ నీటికీ అటూ ఇటూ ఊగుతుంది, మనసు పాడవుతుంది. తగ్గడం ఆగాక గింజలు, ఎండు పండ్లు, కొంచెం బ్రెడ్ తిరిగి తెచ్చుకోవచ్చు, ఒక్కోటి రెండు వారాలు చూసి తర్వాత ఇంకోటి. రాసిన అంకె వరుసగా మూడు శనివారాలు పెరిగి రెండు కిలోలు దాటితే, చివరగా తెచ్చుకున్నదాన్ని తీసేసి, అడుగు నాలుగుకు వెళ్ళి ఫ్రిజ్ తెరిచి చూడండి. నా విషయంలో అలా పెరిగిన ప్రతిసారీ దుంపల గిన్నె ఖాళీగానే ఉంది.